పిల్లుల్ని తీసుకెళ్లమని కాదు, ఆపరేషన్‌కి తెస్తామని అడగండి

సంపాదకులకు,

ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడగానే చెన్నైలోని జంతు సంరక్షణ కేంద్రాలకు ఒకేరకం ఫోన్లు మొదలవుతాయి. కారు పార్కింగులో పిల్లి ఈనింది, వచ్చి తీసుకెళ్లండి. మేడ మీద నాలుగు కూనలున్నాయి, తల్లి కనపడటం లేదు, తెచ్చి ఇచ్చేస్తాం. అడిగేవాళ్లు మనసున్నవాళ్లే. షెల్టర్‌కి చేరిస్తే చాలు, బతికిపోతాయి అనుకోవడం దగ్గరే పొరపాటు వస్తోంది. వీధిలో పుట్టి పెరిగిన పిల్లికి షెల్టర్ ఇల్లు కాలేదు. అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని రెండు మూడు రోజుల్లో తిరిగి రావాల్సిన ఆసుపత్రి మాత్రమే. తీసుకెళ్లి, మళ్లీ అదే సందులో దింపే పని ఆ సందులో ఉండేవాళ్లదే. పెద్ద కష్టమేమీ కాదు గానీ పద్ధతి తెలియకపోతే మొదటి రోజే చెడిపోతుంది.

ముందు షెల్టర్ ఎందుకు వద్దంటుందో చెప్పాలి. మచ్చిక కాని పెద్ద పిల్లిని కొత్తచోట బోనులో ఉంచితే చాలాసార్లు అరవదు, గోల చేయదు. మూలకు అణిగి కూర్చుని తిండి మానేస్తుంది. చూసేవాళ్లు బుద్ధిగా ఉందనుకుంటారు. పిల్లి వరసగా రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కూనల సంగతి మరీ ఘోరం. టీకా పడని కూనలు పదీ పన్నెండు ఒకే గదిలో చేరితే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ చుట్టేస్తుంది. పొద్దున ఆడుకున్న కూన సాయంత్రానికి నీళ్లగిన్నె మీద తల వేలాడేసుకుని కూర్చుంటుంది, తాగదు. ఆ వైరస్ నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకే తల్లిపాలు తాగే కూనల్ని అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గర వదిలేసి వెళ్లడం వాటిని కాపాడటం కాదు.

అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు, నిజమే. తోక నిటారుగా ఎత్తి దగ్గరికొచ్చి, పిలిస్తే పలికే పిల్లి ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగినదే. దాన్ని ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ, వాచ్‌మన్ దగ్గరి బోర్డు మీదా పెట్టండి. సొంతదారు దొరక్కపోతే దత్తతకి ఇవ్వదగ్గది అలాంటిదే. కాకపోతే బోనులో పడ్డ మొదటి రోజు ఇంటిపిల్లి కూడా బుసలు కొడుతుంది కాబట్టి రెండు మూడు రోజులు చూశాకే తేల్చాలి.

ఇక కొందరు చేసే పని, పిల్లిని గోనెసంచిలో వేసుకెళ్లి కాశిమేడు రేవు దగ్గరో, చింతాద్రిపేట చేపల మార్కెట్ దగ్గరో వదిలి రావడం. అక్కడ చేపలుంటాయి కదా, హాయిగా బతుకుతుంది అని. అక్కడి పిల్లులు దీన్ని దగ్గరికి రానివ్వవు. ఇది పాత చోటు వెతుక్కుంటూ రోడ్లు దాటుతుంది. ఇటు మన సందులో చెత్తతొట్టి అలాగే ఉంది, ఎలుకలూ అలాగే ఉన్నాయి. ఖాళీ అయిన చోటికి ఆపరేషన్ కాని మరో జంట వస్తుంది. ఈ ఊరికి ఇది కొత్త పాఠమేమీ కాదు. వీధికుక్కల్ని చంపడం మాని, ఆపరేషన్ చేసి ఎక్కడివక్కడే వదలాలని గిండీలోని జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ 1964 నుంచీ చెబుతూ వచ్చింది. కార్పొరేషన్ ఆ దారికి వచ్చేసరికి 1996 అయింది. పిల్లుల దగ్గర మనం ఇంకా 1964 ముందే ఉన్నాం.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రాగలదు. చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకి మూడు నుంచి ఐదు కూనలు. పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. పగటి పొద్దు ఎక్కువగా ఉన్నంతకాలం ఎద ఆగదు కాబట్టి మన ఊళ్లో దాదాపు ఏడాది పొడుగునా ఇదే తంతు. ఒక జంట ఏడేళ్లలో లక్షల పిల్లులవుతుందని కరపత్రాల్లో వేసే లెక్కలు నమ్మకండి, పుట్టినవాటిలో చాలావరకు ఆరు నెలలు నిండకుండానే పోతాయి. ఆపరేషన్ అడగడానికి అసలు కారణం ఆ చావులే. ఒక్క కాన్పైనా అవ్వనివ్వాలి, పాపం అనే పెద్దవాళ్లు ఉంటారు. ఒంటికి దానివల్ల వచ్చే మేలు ఏమీ లేదు, మొదటి ఎదకు ముందే ఆపరేషన్ అయితే రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది. గుంపులో ఒకటీ అరా చేయించి ఆపేస్తే ఫలితం కనపడదు. పదింటిలో ఏడెనిమిదైనా రెండు మూడు నెలల్లోపు అయిపోవాలి. అందుకే ముందు లెక్క రాసుకోండి: రంగు, గుర్తు, ఆడా మగా, ఏ పూట ఎక్కడికి వస్తుంది. నల్లచారల పిల్లులన్నీ ఒకటే అనిపిస్తాయి, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

తర్వాత షెల్టర్‌కో, వెటర్నరీ ఆసుపత్రికో ఫోన్ చేసి ఏ రోజు ఎన్ని తేవచ్చో అడగాలి. తారీఖు ఖాయం కాకుండా పిల్లిని పట్టకండి. పట్టాక డాక్టర్ లేరంటే వదిలేయాల్సి వస్తుంది. ఒకసారి బోను రుచి చూసిన పిల్లి మళ్లీ ఆ ఛాయలకు రాదు.

బోను 30 నుంచి 36 అంగుళాల పొడుగు, 10 నుంచి 12 అంగుళాల వెడల్పు ఉండాలి. ఎలుకల బోను పొడిగించి చేసినవి కొన్ని దుకాణాల్లో అమ్ముతారు. అవి పొట్టివి, తలుపు పడేటప్పుడు తోకో వెనక కాలో నలుగుతుంది. పట్టడానికి ఐదారు రోజుల ముందు నుంచి బోను తలుపు పైకి ఎత్తి తాడుతో కట్టేసి, రోజూ పెట్టే వేళకే తిండి దాని లోపల పెట్టండి. మొదటి రోజు గుమ్మం దగ్గర, తర్వాత కొంచెం కొంచెం లోపలికి. మూడో నాలుగో రోజుకి భయం పోయి నేరుగా లోపలికి నడుస్తాయి. పట్టే ముందు ఒక రోజంతా ఆ గుంపుకి తిండి ఆపేయాలి. ఇక్కడే చాలా ప్రయత్నాలు బెడిసికొడతాయి. ఎదురింటావిడ జాలిపడి వెనక గుమ్మంలో చేపల పులుసు అన్నం పెడుతుంది, పిల్లులు బోను వైపు తిరిగి చూడవు. సందులో తిండి పెట్టేవాళ్లందరికీ ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవాలి.

బోనుని గోడ వారగా, కదలకుండా, చదునుగా ఉన్నచోట పెట్టాలి. పిల్లులు నడిచేది గోడ పక్కనే. కింద రెండు కాగితాలు పరిచి అంచులు అడుగుకి మడవండి, లేదంటే గాలికి లేచి చప్పుడు చేస్తాయి. కాగితం మరీ దళసరిగా వేస్తే మీట పలక, అంటే పిల్లి కాలు పడగానే తలుపు పడేలా చేసే పలక, కిందకి దిగదు, తలుపు పడదు. ఎర ఘాటుగా ఉండాలి. కవళ్లు, అంటే ఇక్కడి మత్తి చేప, వేయించకుండా ఉడికించినవి, లేదంటే ఎండు నెత్తళ్లు. చేప ఉడికించిన నీళ్లు గుమ్మం నుంచి లోపలికి చుక్కలు చుక్కలుగా వేసి, అసలు ముద్ద మీట పలకకి అవతల, బోను చివరి గోడకి ఆనించి పెట్టండి. పలక మీదో ఇవతలో పెడితే పిల్లి మెడ చాచి తినేసి వెనక్కి వెళ్లిపోతుంది. స్టీలు గిన్నె పెట్టకండి, బెదిరి కొట్టుకునేటప్పుడు మూతి పగులుతుంది, విస్తరాకు ముక్క చాలు. కిలో బరువు లేని కూనలకి పలక దిగదు. వాటికోసమూ, గుంపులో ఫలానాదే కావాలన్నప్పుడూ వేరే చిట్కా ఉంది. తలుపు కింద నీళ్లతో నింపిన అరలీటరు సీసా నిలబెట్టి, దాని మెడకి పురికోస కట్టి దూరంగా కూర్చోండి. కావలసిన పిల్లి తోకతో సహా లోపలికి వెళ్లాక తాడు లాగితే సీసా పడి తలుపు మూసుకుంటుంది.

బోను పెట్టి ఇంట్లోకి వెళ్లి నిద్రపోకూడదు. చాటుగా ఉండి చూస్తూ ఉండాలి, కనీసం పావుగంటకోసారి. పిల్లి పడగానే మందపాటి దుప్పటి బోను మొత్తం కప్పేయండి. చీకటి పడితే నిమిషంలో కొట్టుకోవడం ఆపుతుంది. కప్పకుండా ఫొటోలు తీస్తూ నిలబడితే ముక్కూ గోళ్లూ రక్తం చేసుకుంటుంది. చూడ్డానికని తలుపు తీయకండి, ఇంకో పెట్టెలోకి మార్చకండి, తలుపుని తాడుతో బిగించి కట్టండి. తోలు చేతితొడుగులున్నాయన్న ధీమా వద్దు, పిల్లి కోర తోలులోంచి దిగుతుంది. పాలిచ్చే పిల్లి అయితే చనుమొనల చుట్టూ బొచ్చు ఊడి గులాబీరంగుగా కనపడుతుంది. ఆ మాట డాక్టర్‌కి తప్పక చెప్పాలి. డొక్క పక్కన కోత పెట్టి చేస్తారు, మెలకువ పూర్తిగా వస్తే అదేరోజు కూనల దగ్గరికి పంపిస్తారు.

పట్టడం సాయంత్రమే మంచిది. కత్తిరి ఎండల్లో పగటిపూట ఇనుప బోనులో గంట ఉంటే పిల్లికి వడదెబ్బే. సాయంత్రం తిన్న ఎరే ఆఖరి భోజనం అనుకుని రాత్రంతా గాలి ఆడే చీకటి గదిలో ఉంచి, నీళ్లు మాత్రం పెట్టి పొద్దున తీసుకెళ్లవచ్చు. కడుపు నిండా ఉంటే మత్తులో వాంతి చేసుకుని అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే నాలుగు నెలల లోపు కూన అయితే రాత్రంతా ఉపవాసం ఉంచకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. రెండు నుంచి నాలుగు గంటల ముందు వరకూ కొంచెం తినిపించాలి. ఎంతసేపన్నది డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

ప్రతి బోనుకీ ఒక చీటీ కట్టాలి. ఏ వీధి, ఏ గుర్తు దగ్గర పట్టాం, ఏ వేళకి పట్టాం, ఆఖరున ఎప్పుడు తింది, తెచ్చినవాళ్ల ఫోన్ నంబరు. చీటీ అట్ట మీద రాసి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఉత్త కాగితం మూత్రంతో తడిసి ఇంకు చెరిగిపోతుంది. చీటీ పోయిన పిల్లి అయనావరంలో పట్టినదో కొళత్తూరులో పట్టినదో చెప్పేవాళ్లుండరు, తప్పు వీధిలో దిగుతుంది. అంత కష్టమూ ఒక చీటీ దగ్గర వృథా అవుతుంది. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు సీటు మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద కాగితాలు వేస్తే డ్రైవర్ రెండోసారి కూడా వస్తాడు. కారు డిక్కీలో మాత్రం పెట్టకండి.

మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనను సుమారు సెంటీమీటరు నిటారుగా కత్తిరిస్తారు. చూసి అయ్యో అనకండి. ఇదే పిల్లికి రెండోసారి మత్తిచ్చి పొట్ట కోయకుండా కాపాడే గుర్తు అదొక్కటే. రేబిస్ టీకా కూడా అప్పుడే వేయమని అడగండి.

ఆపరేషన్ అయ్యాక మగదాన్ని మర్నాటికి వదలవచ్చు, ఆడదానికి రెండు మూడు రోజులు కావాలి, డాక్టర్ ఇంకా ఉంచమంటే ఉంచాలి. మత్తు దిగుతున్న పిల్లి ఒంటివేడి నిలుపుకోలేదు. ఏసీ గదిలోనో చలువరాయి నేల మీదో పెట్టకండి. మన ఊళ్లో దీన్ని మించిన శత్రువు చీమ. కుట్ల వాసనకి ఎర్రచీమలు గంటలో బారు కడతాయి, కదలలేని పిల్లిని పీక్కుతింటాయి. బోనుని నాలుగు ఇటుకల మీద ఎత్తి, ఒక్కో ఇటుకని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి. పూర్తిగా మెలకువ వచ్చి తల నిలబెట్టాకే నీళ్లు, ఆ తర్వాత మామూలులో సగం తిండి. కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, డెట్టాల్ ఏదీ రాయకండి, నాకేస్తుంది. కోత అంచులు కొంచెం ఎర్రబడటం మామూలే. విచ్చుకున్నా, రసి కారినా, చిగుళ్లు తెల్లబడినా వెంటనే ఫోన్ చేయాలి. వదిలేటప్పుడు పట్టినచోటే, రోడ్డుకి ఎదురుగా కాకుండా గోడ వైపు తలుపు తిప్పి తీయండి. దూసుకుపోయి ఒకటి రెండు రోజులు కనపడకపోతే కంగారు అక్కర్లేదు. మగపిల్లికి ఆపరేషన్ అయిన కొన్ని వారాలదాకా సంతాన శక్తి మిగిలి ఉండవచ్చు, కాబట్టి ఆపరేషన్ అయిన గండుపిల్లి జత కట్టిందని డాక్టర్ని తిట్టుకోవద్దు. రాత్రిళ్లు పసిపిల్ల ఏడ్చినట్టుండే అరుపులు, గోడలకి చిమ్మే మూత్రం కంపు నెలా రెండు నెలల్లో బాగా తగ్గుతాయి. పిల్లులంటే గిట్టనివాళ్లకి చెప్పి ఒప్పించాల్సింది ఈ సంగతే.

ఇక కూనలు. పిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒక్కటే కూన కనపడిందంటే తల్లి మిగతావాటిని చేరవేస్తూ ఉండవచ్చు, వేటకు వెళ్లి ఉండవచ్చు. ఎండా వానా కుక్కా బెడద లేకపోతే నాలుగు గంటలైనా దూరం నుంచి చూడండి. చుట్టూ పలచగా గోధుమపిండి చల్లితే తల్లి వచ్చి వెళ్లిన అడుగులు పడతాయి. మీరు పక్కనే నిలబడితే మాత్రం రాదు. తల్లి నిజంగా పోయిందనుకుంటే ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. చల్లబడ్డ కూనకి పాలు పోస్తే అరగదు, చస్తుంది. గోరువెచ్చని నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆవుపాలు విరేచనాలు చేస్తాయి. పిల్లి కూనల పాలపొడి పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. రెండు వారాల లోపు అయితే రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా. బోర్లా ఉంచి తాపాలి. పసిపాపలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాపిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోస్తుంది. రోజూ తూచండి, 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. మనిషికి మచ్చిక అయ్యే వయసు రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల దాకానే. ఆలోపు చేతికి వచ్చినవి దత్తతకి, దాటినవి తల్లితోపాటు ఆపరేషన్‌కి.

ఇంట్లో కూనల్ని సాకేవాళ్లకి ముఖ్యమైన మాట: ఫినాయిల్. నలుపైనా తెలుపైనా, దాంతో తుడిచిన నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే పిల్లికి విషమే, పైగా పాన్‌ల్యూకోపీనియా వైరస్ దానికి చావదు. ముందు సబ్బునీళ్లతో మురికి కడిగేసి, లీటరు నీళ్లకి ఐదారు గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే పిల్లిని వదలండి. మూట విప్పి ఉంచిన పాత పౌడర్‌కి సత్తువ ఉండదు. జ్వరంగా ఉందని పారాసెటమాల్ ముక్క వేయడం, కుక్కల పేలమందు పిల్లికి పూయడం, రెండూ చంపేవే.

తిండి గురించి రెండు ముక్కలు. పెరుగన్నంతో పిల్లి బతకదు, అది మాంసం తినాల్సిన జంతువు. ఉల్లి వెల్లుల్లి పడిన కూర కలపవద్దు. పెట్టిన అరగంటకి మిగిలింది ఎత్తేయండి, బొద్దింకలూ ఎలుకలూ రాకుండానూ ఇరుగుపొరుగు నోళ్లు లేవకుండానూ ఉంటుంది. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023లో 20వ నిబంధన ప్రకారం వీధి జంతువులకి తిండి పెట్టే ఏర్పాటు చూడాల్సింది నివాసుల సంఘమో, అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘమో, ఆ ప్రాంతపు స్థానిక సంస్థ ప్రతినిధో, మెట్ల దగ్గరా పిల్లలు ఆడుకునే చోటా కాకుండా వేరేచోట. తిండి పెట్టేవాళ్లమీద అరిచే కార్యదర్శులు ఒకసారి చదివితే బాగుంటుంది.

పిల్లి కరిచినా రక్తం వచ్చేలా గీరినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పిల్లి కాటు పైకి సూదిపోటులా ఉండి లోపల చీము పడుతుంది. తరచూ బోనులు పట్టేవాళ్లు ముందుగానే టీకాలు వేయించుకోవడం మేలు.

కార్పొరేషన్‌కి ఒక విన్నపం. వీధికుక్కలకి ఆపరేషన్లు చేసే ఏబీసీ (జంతు జనన నియంత్రణ) కేంద్రాల్లో వారానికి ఒక పూట పిల్లులకి కేటాయించి, జోనల్ కార్యాలయాల్లో డిపాజిట్ తీసుకుని బోనులు అరువివ్వగలిగితే సగం ఇబ్బంది తీరుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు రెండు మూడు కలిసి రెండు బోనులు కొనుక్కున్నా చాలు. షెల్టర్‌కి ఏదైనా ఇవ్వాలనుకునేవాళ్లు దూదిబొంతలు పంపకండి, తడిస్తే ఆరవు. తువ్వాళ్లు, విప్పని పిల్లి తిండి ప్యాకెట్లు, బ్లీచింగ్ పౌడర్, వారంలో ఒక పొద్దున ఆటోలో బోను తీసుకెళ్లగల మనిషి కావాలి. పాత వార్తాపత్రికలు ఎన్ని ఉన్నా చాలవు, ఏ భాషవైనా ఫరవాలేదు.

ఇట్లు,
వీధి పిల్లుల ఆపరేషన్ పనిలో ఉన్న కొందరు వాలంటీర్లు,
పెరంబూరు, చెన్నై.